దాకలిని మెరిపించకండి

ఇక్కడ చెప్పబోయే సలహాల్లో చాలావాటిని మొదటిసారి వింటే ఎవరికైనా తప్పనే తోస్తుంది. లేత్ షాపులోనో వెల్డింగు షాపులోనో చెబితే తల అడ్డంగా ఊపుతారు. అయినా ఒక్కటీ వెనక్కి తీసుకోను. పాత సామాను కొని, సెలవు రోజుల్లో పెరట్లో కొలిమి పెట్టుకోవాలని ముచ్చటపడేవాళ్ల కోసం రాస్తున్నాను. కమ్మరి ఇళ్లలో పుట్టినవాళ్లకు చెప్పబోతే కమ్మరి వీధిలో సూదులమ్మినట్టే. నేను నేర్చుకున్నదంతా వాళ్ల దగ్గరే.

అన్నిటికంటే ముందు, పాత దాకలి, అంటే కాలిన ఇనుమును పెట్టి కొట్టే దిమ్మె, దొరికితే దాన్ని బాగుచేయించకండి.

నేను చేయించాను. తుక్కు దుకాణంలో కిలోల లెక్కన తూచి ఇచ్చిన దాకలి అది. ముఖం నడిమధ్య కొద్దిగా పల్లం పడింది, అంచులు అక్కడక్కడా పెచ్చులు లేచాయి. యంత్రం మీద చదును చేసే షాపుకు తీసుకెళ్లి, అద్దంలా చేసిపెట్టమన్నాను. అలాగే చేసిచ్చారు. ఆ సాయంత్రం కొలిమి రాజేసి నాలుగు దెబ్బలు వేశాను. అంతకుముందు సుత్తి దెబ్బ పడగానే తనంతట తానే చేతికి లేచి వచ్చేది. ఇప్పుడు పడినచోటే పడి ఉంటోంది. పొరపాటున దెబ్బ ఇనుము మీద కాక దాకలి మీద పడితే అక్కడ సొట్ట. గంటలా మోగేది కాస్తా మూగబోయింది. షాపువాళ్ల తప్పేమీ లేదు, నేనడిగిందే వాళ్లు చేశారు.

జరిగింది ఇదీ. ఇంగ్లండులో తయారైన పాత దాకళ్లలో చాలావాటికి ఒళ్లంతా మెత్తని ఇనుమే. దాని పైన అర అంగుళం అటూ ఇటూ మందంలో ఉక్కు పలకను కొలిమిలోనే కాచి అతికించి, ఆ ముఖానికి నీళ్లతో పదును పెట్టేవారు. దాకలికి ప్రాణమంతా ఆ పలకలోనే ఉంటుంది. పైగా అది చేత్తో చేసిన వస్తువు కాబట్టి ముఖమూ అడుగూ సమాంతరంగా ఉండవు. అడుగును ఆధారం చేసుకుని యంత్రం మీద చదును చేస్తే ఒక కొసన పొర లేస్తుంది, రెండో కొసన పలకే లేచిపోతుంది. నూరేళ్లు సమ్మెట దెబ్బలు తిని నిలిచిన దాన్ని ఒక్క మధ్యాహ్నంలో చంపుకున్నాను. ఆ దుఃఖం ఇప్పటికీ తీరలేదు.

కాబట్టి నడుమ పల్లముంటే ఉండనివ్వండి. వంగిన కడ్డీని సాపు చేయడానికి ఆ పల్లమే కావాలి. పూర్తి చదునైన ముఖం మీద కడ్డీని ఎంత కొట్టినా కొద్దిగా ఎగదన్నుతుంది, పల్లం మీదైతే ఆ కొద్దిపాటి వంపు దాటించి కొట్టవచ్చు. పెచ్చులు లేచిన అంచులను వెల్డింగుతో నింపించకండి, ఆ వేడికి చుట్టుపక్కల పదును దిగిపోతుంది. ఆకురాయితో కాస్త గుండ్రం చేసుకుంటే చాలు. అంచు కత్తిలా ఉంటే కాలిన ఇనుము మీద గాటు పడి, అక్కడే తర్వాత పగులు పుడుతుంది. ఇక తుప్పు, రంగు పోవడానికి మంటలో వేయమని ఎవరైనా చెబితే వాళ్ల మాట అసలు వినకండి. అగ్నిప్రమాదం జరిగిన చోటి నుంచి వచ్చిన దాకలి చవగ్గా వస్తుందన్నా వద్దు.

కొనేముందు జేబులో ఒక బేరింగు గోలీ వేసుకెళ్లండి. అడుగు ఎత్తు నుంచి ముఖం మీదికి జారవిడిస్తే ముప్పావు అడుగు దాకా లేవాలి. ముఖమంతా నాలుగైదు చోట్ల చూడండి. మెత్తగా తట్టి ఊరుకుంటే ఆ చోట పదును లేదన్నమాట.

రంగు కూడా వేయకండి. దాకలి నడుము మీద ముగ్గుపిండి రుద్ది, ఏటవాలుగా టార్చి వెలుగు పట్టండి. తుప్పు అడుగున అక్షరాలు తేలుతాయి. ఇంగ్లీషు దాకలైతే మూడు అంకెలు దూరం దూరంగా కనిపిస్తాయి. నా దాని మీద 1, 2, 10 అని ఉంది. మొదటిది హండ్రెడ్‌వెయిట్లు, ఒక్కోటి 112 పౌండ్లు. రెండోది అందులో పావులు, ఒక్కో పావు 28 పౌండ్లు. మూడోది మిగిలిన పౌండ్లు. 112, 56, 10 కూడితే 178 పౌండ్లు, మన లెక్కన 81 కిలోలకు కాస్త తక్కువ. చెక్కిన చెయ్యి ఎవరిదో, ఆ మూడు అంకెల్లో ఇంకా ఉంది. రంగు పూస్తే అదీ పోతుంది.

దాకలి దొరక్కపోతే రైలు పట్టా ముక్క మంచిదే, కాని అందరూ చేసినట్టు దాన్ని పడుకోబెట్టకండి. నిలువునా చెక్క దిమ్మెలో పాతండి. పడుకోబెడితే సన్నని నడుము మీద దెబ్బ పడి ఊగుతుంది. నిలబెడితే బరువంతా సుత్తి కిందే ఉంటుంది. బిల్లు లేకుండా మాత్రం పట్టా ముక్క కొనవద్దు. రైల్వే ఆస్తిని అక్రమంగా దగ్గర పెట్టుకోవడం 1966 నాటి చట్టం కింద నేరం.

గాలికి మోటారు వద్దు, చేత్తో తిప్పే బ్లోయరే తెచ్చుకోండి. మోటారు మీరు చూసినా చూడకపోయినా ఊదుతూనే ఉంటుంది. ఫోనొచ్చి మీరు అటు తిరిగితే, ఇటు కడ్డీ కొస కాకరపువ్వొత్తిలా నిప్పురవ్వలు చిమ్ముతూ కాలిపోతుంది. చెయ్యి ఆగితే గాలి ఆగుతుంది. పాత చేతి బ్లోయర్ల గేరు పెట్టె నుంచి నూనె కారుతూనే ఉంటుంది. దాని తయారీయే అంత, దాన్ని ఆపబోకండి. కారుతోందని గ్రీజు కుక్కితే పళ్లు తిరిగినకొద్దీ గ్రీజు పక్కలకు చేరి అక్కడే ఉండిపోతుంది, పళ్లు ఎండుగా అరిగిపోతాయి. పల్చని నూనె కొద్దికొద్దిగా పోయండి, కింద పాత డబ్బా ఒకటి పెట్టండి. బిగుసుకుపోతే సుత్తి ఎత్తవద్దు, ఆ పెట్టె పోత ఇనుము, ఒక్క దెబ్బకు పగులుతుంది. కిరోసిన్ పోసి వారం రోజులు మరిచిపోండి.

షెడ్డులో వెలుతురు తగ్గించండి. ఈ మాట చెప్పినప్పుడు మా ఇంట్లోవాళ్లే వింతగా చూశారు. కొత్తగా పెట్టేవాళ్లు ముందు చేసే పని పెద్ద పెద్ద ఎల్‌ఈడీ దీపాలు తగిలించడం. కాలిన ఇనుము రంగే మనకు కొలమానం. ఎండలో నల్లగా కనిపించే ముక్క నీడలో ఎర్రగా ఉంటుంది. ఎండలో చూసి చాలదనుకుని ఇంకా కాల్చేవాడు ఉక్కును పాడు చేసుకుంటాడు. నాకు పని చూపించిన ఆచారి గారి కొలిమి వేపచెట్టు కింద, మూడు వైపులా తడికలతో ఉండేది. దీపం పెట్టుకోలేదేమని అడిగితే, "నిప్పుకు దీపమెందుకు బాబూ" అన్నారు.

ఉక్కు ఎంత గట్టిదైతే అంత తక్కువ కాల్చండి. ఇది తలకిందులుగానే వినిపిస్తుంది, గట్టిదానికి ఎక్కువ వేడి కావాలనిపిస్తుంది. మామూలు మెత్తని కడ్డీ పసుపు రంగు దాకా ఓర్చుకుంటుంది. లారీ కమాన్ పట్టీలో కర్బనం సుమారు అర శాతానికి కాస్త ఎక్కువ, దాన్ని నారింజ రంగు దాటనివ్వకూడదు. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రం ఉక్కులో కర్బనం ఒకటిన్నర శాతం దాకా ఉండేది. 19వ శతాబ్దం మొదట్లో ఆ ఊరు చూసిన హెన్రీ వాయ్సీ, పర్షియా వర్తకులు అక్కడికే వచ్చి ఉక్కు కొనుక్కునేవారని రాశాడు. ఉక్కు అన్న మన మాటే వూట్జ్‌గా ఇంగ్లీషులోకి పోయిందంటారు. ఆ ఉక్కు ముద్దను తమ అలవాటు ప్రకారం తెల్లగా కాల్చి కొట్టిన యూరప్ కమ్మరుల చేతిలో అది పిండిలా రాలిపోయింది. ఎరుపు మీదే ఓపిగ్గా సాగగొట్టిన చేతుల్లో కత్తి అయింది. నిజామాబాద్, నిర్మల్ వైపు ఊళ్లలో నేటికీ ఆ ఉక్కు తీయగా మిగిలిన చిట్టెం గుట్టలు కనిపిస్తాయి. అటు వెళ్తే ఒక పెళ్ల చేతిలోకి తీసుకుని బరువు చూడండి, మళ్లీ అక్కడే పెట్టి రండి.

పదును పెట్టడానికి బకెట్టు నీళ్లు సిద్ధం చేసుకుంటారు. కమాన్ పట్టీతో చేసిన ఉలిని నీళ్లలో ముంచితే టిక్కుమని పగలవచ్చు. వేరుశనగ నూనె, చెయ్యి పెట్టలేనంత కాకుండా గోరువెచ్చగా చేసి వాడండి. వాడేసిన ఇంజనాయిలు ఉచితమే కానీ దాని పొగ మంచిది కాదు. ఎంత కాగాలో తెలియడానికి అయస్కాంతం దగ్గర పెట్టుకోండి. 770 డిగ్రీల దగ్గర ఉక్కు అయస్కాంతానికి అంటుకోవడం మానేస్తుంది. అది దాటి రవ్వంత కాగాక ముంచండి.

ఆ తర్వాతి పనే నాకు అన్నిటికంటే ఇష్టం. ముంచి తీసిన ఉలి గాజులా పెళుసుగా ఉంటుంది. కొసను రాతి మీద రుద్ది తెల్లగా చేయండి. వెనక భాగాన్ని నిప్పు అంచున పెట్టి, గాలి ఆపేసి, ఊరికే చూస్తూ కూర్చోండి. ముందు లేత గడ్డి రంగు బయల్దేరుతుంది. దాని వెనకే ఇటుక గోధుమ, ఆ వెనక వంగపండు రంగు, చివర నీలం. ఒకదాన్నొకటి తోసుకుంటూ కొస వైపు నడుస్తాయి. ఇనుము కొట్టే ఉలికి వంగపండు రంగు కొసకు చేరగానే నూనెలో ముంచాలి. క్షణం ఆలస్యమైతే నీలం వచ్చేస్తుంది, మళ్లీ మొదటి నుంచి.

కొన్ని విషయాల్లో మాత్రం లోకం చెప్పే జాగ్రత్తకు పదింతలు పాటించండి. జింకు పూత ఉన్న గొట్టాలూ రేకులూ కొలిమిలో పెట్టవద్దు. జింకు 907 డిగ్రీలకే మరిగి పొగవుతుంది, పీలిస్తే చలిజ్వరంలా పట్టుకుంటుంది. చాకలి సోడా నీళ్లలో కరెంటు పెట్టి తుప్పు వదిలించే పద్ధతి చక్కటిదే, కానీ ప్లస్ వైపు స్టీలు గరిటె వేలాడదీయకండి. అందులోని క్రోమియం నీళ్లను విషం చేస్తుంది, మామూలు ఇనుప రేకు పెట్టండి. ఆ పనీ ఆరుబయటే చేయాలి. బొగ్గుల కొలిమిని మూసిన గదిలో ఎప్పుడూ వెలిగించకండి. నైలాను చొక్కా వద్దు, కళ్లద్దాలు తప్పనిసరి.

ఆఖరుగా ఒక విన్నపం. సామాను కొనడానికి ముందు మీ చుట్టుపక్కల ఇంకా కొలిమి వెలిగిస్తున్న ఆచారి గారెవరైనా ఉన్నారేమో వెతకండి. ఉంటే ఒక పూట కూలి డబ్బు ఆయన చేతిలో పెట్టి, ఆ పూటంతా ఆయనకు గాలి తిప్పండి. ఇంటి మూలన తాతల నాటి దాకలి పడి ఉన్నవాళ్లు, దయచేసి దాన్ని కిలోల లెక్కన తూకానికి వేయకండి.