నేను ఆరు ఎంఎం వైరుని

డాబా మీది సోలార్ పలకల నుంచి కింద బ్యాటరీ గదిదాకా దిగిన ఎర్ర వైరుని నేను. పక్కనే నల్ల వైరు, నా జోడు. పైతొడుగు ఒలిస్తే నూలుపోగుల్లాంటి 84 రాగి తీగలు కనిపిస్తాయి. చిలుము పట్టకుండా ఒక్కోదానికీ తగరం పూత. అన్నీ కలిపి 6 చదరపు మిల్లీమీటర్ల రాగి.

నాకు ముందు ఇక్కడ ఇంటి వైరింగులో మిగిలిన 2.5 ఎంఎం వైరు ఉండేది. అది కాలలేదు, కరగలేదు. అందుకే ఎవరికీ దాని మీద అనుమానం రాలేదు. బ్యాటరీ మాత్రం మండే ఎండల్లోనూ నిండేది కాదు. కొత్త బ్యాటరీ కొనాలనే అనుకున్నారు ఇంట్లో. ఎలక్ట్రీషియన్ కుర్రాడు మీటరు పెట్టి చూస్తే పలకల దగ్గర 16 ఓల్టులు, కింద బ్యాటరీని నింపే కంట్రోలర్ దగ్గర 12.6.

“బ్యాటరీ బాగానే ఉంది పెద్దమ్మా. కరెంటు దారిలోనే పోతోంది.”

పలకలు రెండు, ఒక్కోటి 160 వాట్లు. ప్యారలల్‌గా కలిపితే 18 ఆంపియర్లు. దూరం 12 మీటర్లే, కానీ కరెంటు వెళ్లి తిరిగి రావాలి కనుక లెక్కకు 24. అంత పొడవున 2.5 వైరు దాదాపు మూడున్నర ఓల్టులు మింగేస్తుంది. ఆ బ్యాటరీ నిండాలంటే 14.4 దాకా ఎక్కాలి, ఎలా ఎక్కుతుంది? కాలకుండా మోస్తే చాలనుకుని వైరు కొనేవాళ్లను చూస్తే నాకు బాధగా ఉంటుంది.

నన్ను వేసినా ఒకటిన్నర ఓల్టు పోతుంది. అందుకే ఆ కుర్రాడు పలకలను సిరీస్‌లో కలిపి, ఎక్కువ ఓల్టులను బ్యాటరీకి తగ్గట్టు మార్చి ఇచ్చే ఎంపీపీటీ కంట్రోలర్ పెట్టించాడు. ఇప్పుడు 36 ఓల్టులు, 9 ఆంపియర్లే. నాలో పోయేది ముప్పావు ఓల్టు, అంటే రెండు శాతం. కరెంటు సగమైతే వేడిగా పోయే వాట్లు నాలుగో వంతుకు పడిపోతాయి. మధ్యాహ్నం రాగి వేడెక్కి నిరోధం కాస్త పెరుగుతుంది, అదీ లెక్కలో ఉంచుకున్నాడు. ఇంటి వైరు తొడుగు డాబా మీది ఎండకు బీటలు వారుతుంది. నా తొడుగు ఎండ కోసమే చేసింది.

కంట్రోలర్ నుంచి బ్యాటరీకి మళ్లీ 12 ఓల్టులే, అంటే పాతిక ఆంపియర్ల దాకా. అందుకని కంట్రోలర్‌ను బ్యాటరీకి మూరెడు దూరంలో బిగించి 10 ఎంఎం వైరు వేశాడు. బ్యాటరీ ప్లస్ దగ్గర 40 ఆంపియర్ల ఫ్యూజు పెట్టాడు.

“ఇది ఎగిరిపోతే తీగ చుట్టి పెట్టొద్దు పెద్దమ్మా, వైర్లు అంటుకుంటాయి. నాకు ఫోన్ చెయ్యి,” అని చెప్పి మెట్లు దిగాడు.