మా రోజుల్లో మెడ విరిచినందుకు బిల్లు లేదు

మా రోజుల్లో క్షవరానికి కూర్చుంటే మెడ విరవడం కూడా అందులోనే కలిసొచ్చేది. నగరిలో బస్టాండు పక్కన చిన్న కొట్టు. కత్తెర పని అయ్యాక నెత్తి మీద నాలుగు దరువులు వేసి, గడ్డం కింద ఒక చెయ్యి, మాడు మీద ఒక చెయ్యి పెట్టి, మనం వద్దనేలోగా ఇటొకసారి అటొకసారి టక్కుమనిపించేవాడు. తువ్వాలు దులుపుకుని లేచి వచ్చేయడమే. రసీదు లేదు, రెండో సిట్టింగు లేదు.

ఇప్పుడు ఆ టక్కుమనే చప్పుడు కోసం మా అబ్బాయి హైదరాబాదులో వారం ముందే అపాయింట్‌మెంటు తీసుకుంటాడు. కైరోప్రాక్టర్ అట. కంప్యూటరు ముందు కూర్చుని కూర్చుని వాడికి మెడా నడుమూ రెండూ పట్టేశాయి. తోడు రమ్మంటే వెళ్లాను. ఏసీ గది, మూలన వేలాడుతున్న ప్లాస్టిక్ వెన్నెముక, గోడ మీద ప్యాకేజీల పట్టిక. ఒక సిట్టింగుకు ఇంత, ఒకేసారి పదింటికి కడితే ఇంత తగ్గింపు. వాణ్ణి బల్ల మీద బోర్లా పడుకోబెట్టి వీపు మీద అక్కడక్కడా అదిమారు. తర్వాత వెల్లకిలా తిప్పి, గడ్డం కిందుగా తల వెనక్కి పట్టీ బిగించారు. డాక్టరు తల దగ్గర నిలబడి ఒక్క లాగు లాగబోతుండగా అసిస్టెంటు కుర్రాడు పరుగున వచ్చి మా వాడి కాలరుకు చిన్న మైకు తగిలించాడు. ఎందుకు నాయనా అంటే, ‘సౌండు క్లియర్‌గా రావాలి అంకుల్, రీల్ కోసం’ అన్నాడు.

నా సణుగుడంతా ఆ మైకు మీదే.

ఎముక ఎక్కడో దారి తప్పి, మళ్లీ తన చోటికి వచ్చి కూర్చున్న చప్పుడు కాదది. కీలులో జిగురు ద్రవం ఉంటుంది. కీలును ఉన్నట్టుండి సాగదీస్తే లోపల ఒత్తిడి పడిపోయి, ఆ ద్రవంలో కరిగి ఉన్న వాయువు బుడగ కడుతుంది. టక్కుమనే చప్పుడు ఆ బుడగ పుణ్యమే. అదే కీలు మళ్లీ మోగాలంటే ఇంచుమించు 20 నిమిషాలు ఆగాలి. మెటికలు విరిస్తే వచ్చే చప్పుడూ ఇదే. వేళ్లు వంకరపోతాయని మా అవ్వ తిట్టేది. దిష్టి తీసినప్పుడు మాత్రం తనే మా బుగ్గలు నిమిరి పది వేళ్లూ పెళపెళా విరుచుకునేది, అది వేరే సంగతి. అమెరికాలో డొనాల్డ్ ఉంగర్ అనే డాక్టరును కూడా చిన్నప్పుడు వాళ్లమ్మ ఇలాగే తిట్టేదట. ఆయన 60 ఏళ్లకు పైగా ఎడమచేతి మెటికలు మాత్రమే విరుస్తూ, కుడిచేతి జోలికి పోకుండా ఉండి, రెండు చేతుల్లోనూ కీళ్లవాతం లేదని తేల్చాడు. 2009లో నవ్వించే పరిశోధనలకిచ్చే ఇగ్ నోబెల్ బహుమతి కూడా పట్టుకుపోయాడు. అమ్మ మాట తప్పని నిరూపించడానికి అరవై ఏళ్లు పట్టుబట్టాడు మహానుభావుడు. మా వాడు వరసగా నాలుగు పొద్దులు నడవలేడు.

ఈ కైరోప్రాక్టర్ల విద్యేమైనా వేల ఏళ్లనాటిదా అంటే అదీ కాదు. 1895లో అమెరికాలోని అయోవా రాష్ట్రం, డావెన్‌పోర్ట్ ఊళ్లో డి.డి. పామర్ అనే ఆయన మొదలుపెట్టాడు. అంతకుముందు ఆయన కిరాణా వ్యాపారం చేశాడు, తర్వాత అయస్కాంత వైద్యం. ఆయన వైద్యం చేసే భవనంలో ఊడ్చే పని చేసే హార్వే లిలార్డ్‌కు చెవులు సరిగ్గా వినపడవు. పామర్ అతని వీపు మీద ఎముకను నొక్కితే వినపడిందన్నారు. చెవి నరం వీపులోంచి పోదు, పుర్రెలోనే ఉంటుంది. 1906లో లైసెన్సు లేకుండా వైద్యం చేస్తున్నాడని పామర్‌ను జైల్లో కూడా పెట్టారు. వెన్నుపూస నొక్కితే సర్వరోగాలూ పోతాయన్న ఆ పాతమాట ఇప్పుడు చదువుకున్న కైరోప్రాక్టర్లలో చాలామంది అనరు. నడుం నొప్పి, మెడ నొప్పి దగ్గరే ఆగుతున్నారు. అంతవరకు నయం.

మా వైపు ఎముకల సంగతి అంటే పుత్తూరు కట్టే. చెయ్యి విరిగినవాడు మద్రాసు నుంచి కూడా రైలెక్కి వచ్చేవాడు. చేత్తో తడిమి ఎముక సరిచేసి, ఆకుపసరు, కోడిగుడ్డు తెల్లసొన పూసి, వెదురుబద్దలు పెట్టి గుడ్డతో బిగించేవాళ్లు. విరిగిన చోటుకు కట్టు సరే. నడుం కలుక్కుమంటే మాత్రం పుత్తూరు దాకా ఎవరు పోతారు? ఎదురుకాళ్లతో పుట్టినవాళ్లు ఊళ్లో ఎవరున్నారా అని వెతికేవాళ్లు. మా ఊళ్లో ఆ హోదా మా పెద్దమ్మ కూతురిది. ఎనిమిదేళ్ల పిల్ల. పావడా ఎగ్గట్టి, తలుపు రెక్క పట్టుకుని, బోర్లా పడుకున్న పెద్దమనిషి నడుం మీద ఎడమకాలితో మూడుసార్లు తన్నేది. ఫీజు బెల్లం ముక్క. ముందు బెల్లం నోట్లో పడితే గాని కాలెత్తేది కాదు. రోగి లేచి నడిచేవాడు. లేవడా మరి! కొత్తగా పట్టిన నడుంనొప్పి చాలామందికి ఎవరు తన్నినా, ఎవరూ తన్నకపోయినా కొన్ని వారాల్లో దానంతటదే దారికొస్తుంది. పది సిట్టింగుల ప్యాకేజీ పూర్తయ్యేసరికీ అన్ని వారాలే అవుతాయి. పేరు మాత్రం పక్కనున్నవాడికి పోతుంది. అప్పుడు మా చెల్లెలికి పోయింది, ఇప్పుడు ఏసీ గదికి పోతోంది.

మా కాలంలో ఎవరికీ మోకాళ్ల నొప్పులు లేవని చెప్పే నా తోటి ముసలివాళ్లను నమ్మకండి. ఉండేవి. చెప్పుకుంటే వినేవాడు లేడు. రైసుమిల్లులో క్వింటాలు బస్తా వీపున వేసుకుని పలక మీద లారీ ఎక్కే హమాలీలు నలభై దాటేసరికి నిటారుగా నిలబడలేకపోయేవాళ్లు. జీవితమంతా నాట్లు వేసిన మా అవ్వ చివరి పదేళ్లూ నేలనే చూస్తూ నడిచింది. కాకపోతే ఒకటి ఉండేది. పొద్దస్తమానం నేల మీద కూర్చోవడం, లేవడం. అన్నం నేల మీద, పడక చాప మీద, రాగులు విసరాలంటే ఇసుర్రాయి ముందు కాలు చాపి. లేవాలంటే చెయ్యి ఆనించేవాళ్లం కాదు. ఇప్పుడు పొయ్యి, మంచం, కంచం, చివరికి దొడ్డికి కూర్చునే చోటు కూడా నడుం ఎత్తుకు వచ్చేశాయి. ఒంగే పనే లేకపోయాక నడుం ఒంగనంటే తప్పెవరిది?

అన్నట్టు ఆ డాక్టరు చెడ్డవాడేం కాదు. లాగడం అయిపోయాక చివరి ఐదు నిమిషాలు కూర్చోబెట్టి చెప్పిన మాటలన్నీ నాకు నచ్చాయి. అరగంటకోసారి కుర్చీలోంచి లే. బరువెత్తేటప్పుడు ఒంటికి దగ్గరగా పట్టుకుని మోకాళ్లు వంచి ఎత్తు. పక్కకు తిరిగి పడుకుంటే మోకాళ్ల మధ్య దిండు పెట్టుకో. వెనక జేబులో పర్సు పెట్టి కూర్చోకు. (ఫోన్‌పే వచ్చాక పర్సులో ఏముందని!) వారానికి 150 నిమిషాలకు తగ్గకుండా చురుగ్గా నడువు, రెండు రోజులు కండరాలకు పని చెప్పు. రోజూ నేల మీద కూర్చుని చేతులు ఆనించకుండా లేవడం సాధన చెయ్యి. ఇది వినగానే నేను మా వాడి వంక చూశాను. వాడు ఫోను చూస్తున్నాడు. ఫోను కళ్లెత్తున పట్టుకో అని కూడా చెప్పాడాయన. తల అరవై డిగ్రీలు వంచితే మెడ మీద 27 కిలోల భారం పడుతుందని న్యూయార్క్ సర్జన్ ఒకాయన 2014లో కంప్యూటరు నమూనాతో లెక్కగట్టాడు. లెక్క కాస్త అటూఇటూ అనుకున్నా, ఇప్పుడు మన ఇళ్లకొచ్చే బియ్యం బస్తా 26 కిలోలు. లిఫ్టు పాడైతే మొదటి అంతస్తుకు ఆ బస్తా మోయడానికి ఇద్దరు కావాలి మా అపార్టుమెంటులో. మెడ మీద మాత్రం తలా ఒకటి ఎత్తుకుని తిరుగుతున్నారు.

ఈ మాటలు చెబుతున్నప్పుడు మైకు తీసేశారు. దానికి రీల్ లేదు.

పాతకాలపు సలహాల్లో ఒకటి మాత్రం పోయినందుకు నాకు దిగులు లేదు. నడుం పట్టేస్తే చెక్కబల్ల మీద మూడు వారాలు కదలకుండా పడుకోమనేవాళ్లు మా ఊరి డాక్టర్లు. నిజానికి పడుకుంటేనే ఆలస్యం. 1995లో హెల్సింకీ నగర ఉద్యోగుల మీద పరీక్షించి చూశారు. మంచం పట్టినవాళ్లకంటే, వ్యాయామాలు చేసినవాళ్లకంటే కూడా, ఓర్చుకోగలిగినంతలో రోజువారీ పనులు చేసుకున్నవాళ్లే త్వరగా కోలుకున్నారు. బాగా గట్టి పరుపు కంటే ఓ మోస్తరు గట్టి పరుపే మేలని 2003లో స్పెయిన్‌వాళ్లు తేల్చారు. మా నాన్న మూడు వారాలు బల్ల మీద పడుకుని, లేచాక నడవడం మళ్లీ నేర్చుకోవాల్సొచ్చింది.

అయితే ఒక్కటి. నడుంనొప్పితో పాటు ఒంటికి పోవడం తెలియకపోయినా, రాకపోయినా, తొడల నడుమ తిమ్మిరెక్కినా, పాదం ఎత్తలేకపోయినా మా చెల్లెలూ వద్దు, ప్యాకేజీలూ వద్దు. అర్ధరాత్రైనా పెద్దాసుపత్రికి పోవాలి. జ్వరం ఉన్నా, ఊరికే బరువు తగ్గిపోతున్నా డాక్టరుకు చూపించడంలో ఆలస్యం పనికిరాదు.

మా వాడికి నొప్పి తగ్గింది. పేరు ఎవరికి పోయిందో చెప్పక్కర్లేదు. ప్యాకేజీలో సగానికి పైగా మిగిలింది. డబ్బు వాపసివ్వరట, ఇంట్లో ఇంకొకరి పేరుకు మార్చుకోవచ్చట. నా పేరు రాయించేశాడు. మెడ ముట్టుకోనివ్వనన్నాను. మెడను ఒక్కసారిగా మెలిపెడితే మెదడుకు రక్తం తీసుకెళ్లే ధమని చిరిగి పక్షవాతం వచ్చే ప్రమాదం ఉంది. అరుదే, కానీ ఉంది. డెబ్బై దాటిన ఎముకలతో నాకెందుకు ఆ పందెం? ఆ చివరి ఐదు నిమిషాలు మాత్రం చెప్పేట్టయితే మిగిలిన సిట్టింగులన్నింటికీ వస్తానన్నాను. అలాంటి ప్యాకేజీ లేదట.