అరలీటరు పాలకు ఓ సర్వరు

నేను చదివింది మెకానికల్ ఇంజినీరింగ్. లేత్ మిషన్ పక్కన నిలబడి దిగిన ఫొటోను మా అమ్మ ఇప్పటికీ హాల్లో తగిలించుకుంది. ఆ తర్వాత నేను లేత్ మొహం చూసిన పాపాన పోలేదు. అందరిలాగే హైదరాబాద్ బస్సెక్కి, అమీర్‌పేట హాస్టల్లో దిగి, మైత్రీవనం దగ్గర కరపత్రాలు పంచేవాళ్లు ఏది చెబితే అది నేర్చుకున్నాను. జావా కుదరక పీహెచ్‌పీ. జేక్వెరీ చేతికి అలవాటయ్యేసరికి యాంగ్యులర్ అన్నారు, అది ఒంటబట్టేలోగా రియాక్ట్ అన్నారు. ఇన్ని నేర్చినా మా అత్తగారి లెక్కలో నేను కంప్యూటర్లు బాగుచేసే అల్లుణ్ని. ఆవిడ ఫోను శుభోదయాల బొమ్మలతో నిండిపోయినప్పుడల్లా నాకే కబురొస్తుంది. నిజం చెప్పొద్దూ, ఆఫీసులో కన్నా అక్కడే నాకు మర్యాద ఎక్కువ.

పగలంతా ఎవరో అడిగిన బటన్‌ను ఇంకెవరో అడిగిన రంగులోకి మారుస్తుంటాను. ఆ కసంతా రాత్రిపూట సొంత ప్రాజెక్టుల మీద తీర్చుకుంటాను. ప్రాజెక్టంటే ముందు డొమైన్ కొనడం, కోడు సంగతి తర్వాత. ఆలు లేదు, చూలు లేదు, ఏటేటా సోమలింగం పేరు మీద రెన్యువల్ మాత్రం కడుతుంటాను. అలాంటి సోమలింగాల్లో నిజంగా పుట్టింది ఒక్కటే: పాల లెక్క యాప్.

మా ఇంట్లో పాల లెక్క వంటింటి తలుపు వెనక క్యాలెండర్ మీద నడుస్తుంది. అరలీటరు పడితే గడి ఖాళీ. పాలబ్బాయి రాకపోతే ‘నా’, అంటే నాగా. చుట్టాలొచ్చి ఇంకో ప్యాకెట్ తీసుకుంటే కూడిక గుర్తు. పక్కనే మేకుకు దారంతో వేలాడే పెన్సిలు. నెలాఖరున మా ఆవిడ ఆ కాగితం వంక ఓసారి చూసి, పోపు మాడేలోగా మొత్తం చెప్పేస్తుంది. ఇంత సుఖంగా సాగిపోయే పనిని చూస్తే నాకు చేతులు ఊరుకోవు.

లాగిన్ పెట్టాను, ఓటీపీ పెట్టాను, డార్క్ మోడ్ పెట్టాను. “పాలకు చీకటెందుకండీ?” అంది. వినబడనట్టు ఊరుకున్నాను.

నెల తిరిగేసరికి లెక్క తేడా. మన గడియారం గ్రీన్‌విచ్ కంటే అయిదున్నర గంటలు ముందుంటుంది, సర్వరేమో గ్రీన్‌విచ్ వేళనే నమ్ముకుంది. ఒకటో తారీఖు పొద్దున్నే అయిదింటికి గుమ్మంలో పడ్డ పాలకు దాని దృష్టిలో ఇంకా ముందురోజు రాత్రి పదకొండున్నరే. అంచేత ఆ అరలీటరు పోయిన నెల ఖాతాలో కలిసింది. పైగా జావాస్క్రిప్ట్‌లో జనవరి 0, డిసెంబరు 11. 1995లో బ్రెండన్ ఐక్ ఆ భాష తొలి రూపాన్ని పది రోజుల్లో తయారుచేశాడు. ఆ హడావుడిలో తేదీల వ్యవహారం జావా నుంచి ఉన్నదున్నట్టు దిగిపోయింది, సున్నా నెలతో సహా. ఇదంతా భోజనాల దగ్గర, పప్పు చల్లారేదాకా విడమరిచి చెప్పాను.

“అయితే ఆయనెవరో తొందరపడ్డందుకు మనం పాలబ్బాయితో గొడవపడాలా?” అంది మా ఆవిడ.

తేదీలు సరిచేశాను. యాప్ ఇప్పుడు క్యాలెండర్ చెప్పిన అంకెనే చెబుతోంది, కాకపోతే ఓటీపీ అడిగి చెబుతోంది. నెలనెలా సర్వరు అద్దె మెసేజీ వస్తుంది, క్రెడిట్ కార్డుకు ఇచ్చింది మా ఆవిడ నంబరే మరి. క్యాలెండర్ అడుగున పేపరు, కేబుల్, గ్యాస్ వరసలో ఆవిడ ‘యాప్’ అని కూడా చేర్చింది. మొన్న సర్వరు పడుకున్న రెండు రోజులకూ ‘నా’ వేసి, “మీ సర్వరు వాళ్లు రెండు రోజులు నాగా. ఆ డబ్బులు పట్టుకుని ఇవ్వండి” అంది.

అప్‌డేట్ పేరుతో దాన్ని పడుకోబెట్టింది నేనేనని ఇంకా చెప్పలేదు.