చెవి తెగినదాని ఆత్మకథ

నా ఎడమ చెవికి కొస లేదు. దెబ్బలాటలో పోయిందనుకునేరు. మత్తులో ఉండగా, స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా కోశారు. షికాగో సందుల్లో చెవి కొస అలా తెగిన పిల్లి కనబడితే దానికి ఆపరేషన్ అయిందని, రేబీస్ టీకా పడిందని, మళ్ళీ పట్టుకుపోనక్కర్లేదని అర్థం. భుజాల మధ్య, చర్మం కింద బియ్యపుగింజంత చిప్ కూడా ఉంది. ఇవన్నీ చేయించి, ఎవరో ఒకరు పూచీ పడితే వీధిపిల్లులు వీధిలోనే బతకొచ్చని ఇక్కడి కుక్ కౌంటీ 2007లో చట్టం చేసింది. కాబట్టి నేను కాగితాలున్నదాన్ని. నేనుండే డెవాన్ అవెన్యూ పరిసరాల్లో కాగితాలు ఎప్పుడొస్తాయా అని బెంగపడుతూ నిద్ర మానుకునే రెండుకాళ్ళవాళ్ళు చాలామందే ఉన్నారు. అందుకే ఈ సంగతి కాస్త గర్వంగా ముందే చెప్పుకున్నాను.

పుట్టింది మూతబడ్డ ఒక ఫ్యాక్టరీ ఆవరణలో. ఒకావిడ రోజూ తిండి పెట్టేది. ఆ స్థలం కూలగొట్టడానికి యంత్రాలు వచ్చేసరికి, బోనులో సార్డీన్ చేపలు పెట్టి మమ్మల్ని పట్టించింది కూడా ఆవిడే. మామూలుగా ఆపరేషన్ అయ్యాక పట్టినచోటే వదిలేస్తారు. మాకు ఆ చోటే లేకుండా పోయింది. పోనీ ఎవరింట్లోనైనా పెట్టుకుందామంటే, పసితనంలో మనిషి చెయ్యి తగలని పిల్లి ఒళ్ళో కూర్చోదు, చెయ్యి చాపితే గోళ్ళు దింపుతుంది. ఇటు ఇంటికీ అటు వీధికీ చెందని ఇలాంటివాటికోసం ఇక్కడి ట్రీ హౌస్ హ్యూమేన్ సొసైటీ 2012లో ఒక దారి కనిపెట్టింది. ఎలుకల బెడద ఉన్నచోట మమ్మల్ని కొలువులో పెట్టడం. దానికి ‘క్యాట్స్ ఎట్ వర్క్’ అని పేరు. గోదాములు, ఫ్యాక్టరీలు, ఇళ్ళ వెనక సందులు, ఆఖరికి బీరు తయారుచేసే చోటు కూడా. నన్నూ, ఒక ఎర్ర గండునీ, ఒక నల్లదాన్నీ కలిపి ఈ సందుకు పంపారు.

వచ్చీ రాగానే వదిలెయ్యలేదు. గ్యారేజీ పక్కన పెద్ద బోనులో కొన్ని వారాలు ఉంచారు. వెంటనే వదిలితే పాతచోటు వెతుక్కుంటూ పోయి కారు కింద పడతామట. తిండి వేళ, ఈ సందు వాసన, చెత్తబండి చప్పుడు ఒంటికి పట్టాక తలుపు తీశారు. ఈలోగా ఎలుకలు మాత్రం నన్ను తీరిగ్గా చూసుకున్నాయి. మొదటి రెండు రాత్రులు దూరదూరంగా పోయాయి. మూడోరాత్రి ఒకటి బోను చువ్వల బయట రాలిన నా తిండి గింజలు ఏరుకుతింది. ఉద్యోగంలో చేరకముందే ఆ అవమానం.

ఈ ఊళ్ళో ఇలాంటి సందులు 1,900 మైళ్ళకు పైనే ఉన్నాయి. ముందువైపు ఇళ్ళు చక్కగా పూలమొక్కలతో ఉంటాయి. సంసారమంతా వెనకే. గ్యారేజీలు, కరెంటు స్తంభాలు, బూడిదరంగు వేసిన చెక్కమెట్లు, చక్రాల నల్ల చెత్తడబ్బాలు. ఆ డబ్బాల మూతల మీదే నా కథ నడుస్తుంది. మూత సరిగ్గా పడితే ఎలుకకు పస్తు, పడకపోతే పండగ. ఓర్కిన్ అనే కీటకనివారణ సంస్థ 2015 నుంచి పదేళ్ళపాటు వరసగా అమెరికాలో ఎలుకలు ఎక్కువున్న నగరాల్లో షికాగోకే మొదటిస్థానం ఇచ్చింది.

మా మేడ రెండో అంతస్తులో తెలుగువాళ్ళుంటారు. మే నెలలో ఆ ఇంటాయన తల్లి భీమవరం పక్క పల్లెటూరినుంచి ఆరునెలలకని వచ్చింది. నాకు తెలుగు వచ్చింది ఆవిడ దగ్గరే. మొదటిరోజు చెత్తసంచీ పట్టుకుని మెట్లు దిగుతుంటే నేను అడ్డంగా దాటాను. ఆవిడ అక్కడే ఆగిపోయింది. సంచీతో సహా వెనక్కి తిరిగి మెట్లెక్కి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ దిగింది. అప్పటికి నేను ఇవతలికి వస్తున్నాను, ఆవిడ మళ్ళీ ఆగిపోయింది. మూడోసారి కోడలే దిగొచ్చి పారేసింది.

"ఇదేనా మీరు చెప్పిన ఎలకల ఉద్యోగస్తురాలు? కడుపునిండా తిండి పెడుతుంటే ఇంకేం పడుతుందమ్మా?"

"తిన్నా వేటాడుతుంది అత్తయ్యా. ఆకలి వేరు, వేట వేరట."

కోడలు చెప్పింది నిజమే. కడుపు నిండినా కదిలే తోక కనిపిస్తే నా వెనక కాళ్ళు వాటంతటవే ఊగుతాయి. చిక్కల్లా ఆ తోక ముందున్న శాల్తీతోనే.

ఆగస్టులో ఒక రాత్రి. డబ్బా మూత విరిగి వారగా ఉంది. అందులోంచి ఒక ఎలుక నాన్‌రొట్టె ముక్క లాక్కుంటూ దిగింది, ముక్క దానికంటే పెద్దది. నేను గ్యారేజీ నీడలో పొట్ట నేలకానించి ఉన్నాను. నాలుగడుగుల దూరం. దూకాను. అది కలుగులోకి పోకుండా వెనక్కి తిరిగి, వెనక కాళ్ళమీద లేచి నిలబడింది. ముందుపళ్ళు పండిన తాటిపండు గుజ్జు రంగులో ఉన్నాయి. ఒక్క కీచుతో నా మీసాల దాకా వచ్చింది. పిల్లికి చెలగాటం, ఎలుకకు ప్రాణసంకటం అన్నవాళ్ళు చిట్టెలుకల్ని చూసి అనుంటారు. నేను పక్కకు తిరిగి, ముందుకాలు ఎత్తి, ఏదో అర్జెంటు పనున్నట్టు నాక్కోవడం మొదలుపెట్టాను. అది రొట్టె తీసుకుని వెళ్ళింది. పైనుంచి పెద్దావిడ చూస్తూనే ఉంది.

"అది ఎలక కాదే, పందికొక్కు. నీ వల్ల ఏమవుద్ది," అంది. తిట్టినట్టు లేదు, జాలిపడ్డట్టుంది.

మర్నాడు టీ తాగుతూ కోడలు ఫోన్లోంచి చదివి వినిపించింది. న్యూయార్క్‌లో, బ్రూక్లిన్‌లోని ఒక చెత్త రీసైక్లింగ్ కేంద్రంలో ఫోర్డ్‌హామ్ యూనివర్సిటీకి చెందిన మైఖేల్ పార్సన్స్ బృందం ఎలుకల్ని గమనిస్తుంటే మావాళ్ళు కొందరు అక్కడ చేరారట. 79 రోజులు కెమెరాలు పెట్టారు. 306 వీడియోలు. పిల్లి ఎలుక వెంట పొంచి నడిచింది 20 సార్లు, చంపబోయింది మూడుసార్లు, చంపింది రెండే. 2018లో అచ్చయింది. మేం మామూలుగా పట్టే పక్షి పదిహేను గ్రాములు, చిట్టెలుక ముప్ఫై. ఆ ఎలుకలు సగటున 330 గ్రాములు.

పెద్దావిడ గ్లాసు కింద పెట్టింది. "డెబ్భైతొమ్మిది రోజులకి రెండా! మా చేలో ఎలకల బుట్టలు పెట్టేవాడైతే ఒక్క రాత్రికి చేటడు పట్టేవాడు. ఎలక్కింతని లెక్కేసి మరీ ఇచ్చేవారు మీ మావయ్యగారు."

"కానీ అత్తయ్యా, పిల్లులు తిరిగిన రోజు ఎలకలు బయట తక్కువ కనిపించాయట."

"కనిపించకపోతే పోయినట్టా?"

నేను మెట్లకింద ఉండి విన్నాను. ఆవిడ ఒక్క మాటతో నా ఉద్యోగం గుట్టు విప్పేసింది. నా జీతమంతా నా వాసనకే. గ్యారేజీ మూలకు నేను వీపు రాసిపోతే ఎలుకలు ఆ దారి మానుకుంటాయి. ఎక్కడికి పోతాయి? సందుకు అవతలి పక్కకు. మేం వచ్చాక ఇటువైపువాళ్ళు నన్ను మెచ్చుకున్నారు, అటువైపువాళ్ళు నగరపాలక సంస్థకు 311 నంబరు కొట్టారు. మూత విరిగిన ఆ డబ్బా మాత్రం ఇప్పటికీ అలాగే ఉంది.

ఇంటాయన సాఫ్ట్‌వేర్ మనిషి. ఆ సాయంత్రం ఆయనే ఇంకో కథ చెప్పాడు. 1868లో లండన్ పోస్టాఫీసు మనియార్డర్ల విభాగంలో ఎలుకలు కాగితాలు కొరికేస్తుంటే మూడు పిల్లుల్ని పెట్టి, మూడింటికీ కలిపి వారానికి ఒక షిల్లింగు మంజూరు చేశారట. చాలకపోతే ఎలుకల్ని తిని కడుపు నింపుకోమన్నారు, ఆరునెలల్లో ఎలుకలు తగ్గకపోతే భత్యం కోస్తామన్నారు. "మా అప్రైజల్ కూడా ఇంతే," అని ఆయన నవ్వాడు. పెద్దావిడ నవ్వలేదు. "ఆరునెలలు నాకూ అయిపోవస్తున్నాయిరా," అంది.

ఎర్ర గండు సంగతి చెప్పాలి. మమ్మల్ని పెట్టుకున్నచోట ఎలుకలమందు పెట్టకూడదు. సందు కొసన ఎవరో పెట్టారు. ఆ మందు తిన్న ఎలుక వెంటనే చావదు, రక్తం గడ్డకట్టే గుణం పోయి, కొన్నిరోజులు మత్తుగా పట్టపగలే తిరుగుతుంది. గండు జన్మలో మొదటిసారి పెద్ద ఎలుకను పట్టింది, తిన్నది. కొన్నిరోజులకు చిగుళ్ళలోంచి రక్తం. వెటర్నరీ డాక్టరు విటమిన్ కె ఇచ్చి బతికించాడు. అప్పటినుంచి మెల్లగా నడిచే ఎలుకను చూస్తే నేను డబ్బా ఎక్కేస్తాను.

ఇంకొకటి దాస్తే దోషం. అక్టోబరు మొదట్లో, వలస వెళ్ళే పక్షులు రాత్రులంతా షికాగో మీదుగా దక్షిణానికి పోతాయి. తెల్లవారుజామున ఒక తెల్లగొంతు పిచ్చుక కిటికీ అద్దానికి కొట్టుకుని మెట్ల దగ్గర పడింది. ఇంకా ప్రాణముంది, రెక్క ఒకటి తెరుచుకుంటూ మూసుకుంటూ ఉంది. దాని పని పట్టడానికి ఒక్క క్షణం కూడా పట్టలేదు నాకు. పెద్దావిడ చూసి చెప్పు విసిరింది. అమెరికాలో పిల్లులు ఏటా 130 కోట్ల నుంచి 400 కోట్ల పక్షుల్ని చంపుతాయని 2013లో లెక్కకట్టారట, అందులో ఎక్కువ వంతు మా ఇల్లులేనివాళ్ళదే. పక్షుల తరఫువాళ్ళు మా కొలువే వద్దంటారు. వాళ్ళ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఎలుకలకోసం పెట్టిన మనిషి పిచ్చుకల్ని పట్టి జీతం తీసుకుంటే ఏ ఆఫీసులోనైనా ఊరుకుంటారా?

అయినా నన్ను పంపెయ్యలేదు. చలి మొదలవగానే కోడలు ప్లాస్టిక్ పెట్టెకు కన్నం కోసి ఇల్లు చేసింది. పెద్దావిడ పాత నేతచీర మడతపెట్టి తెచ్చింది. "గుడ్డ వద్దత్తయ్యా, తేమ పీల్చి గడ్డకడుతుంది. ఎండుగడ్డే వెయ్యాలి." ఆవిడ చీర పక్కన పెట్టి, గడ్డి తనే విదిలించి, పీచు మెత్తగా అయ్యేదాకా రెండుచేతులతో నలిపి పరిచింది. "మా దూడకి వేసినట్టే ఉంది," అంది. ఆ రాత్రి అందులో పడుకుంటే గడ్డికి ఆవిడ తలనూనె వాసన.

నవంబరులో ఆవిడ ప్రయాణం. తెల్లవారకముందే గ్యారేజీ తలుపు లేచింది. రెండు పెద్ద సూట్‌కేసులు, మెడకు మఫ్లరు, చీరమీద కొడుకు కోటు. సరిగ్గా అప్పుడే డబ్బా వెనక కదలిక. అదే శాల్తీ, ఎప్పటిలాగే తొందరేం లేదు. నా వెనక కాళ్ళు ఊగడం మొదలైంది. కానీ దూకితే ఆవిడ కారెక్కేదారికి అడ్డంగా దూకాలి. ఆగి, వెనక్కి వెళ్ళి, కూర్చుని, నీళ్ళు తాగి రావడానికి ఇక్కడ వేళ లేదు, విమానం ఉంది. నేను గోళ్ళు కాంక్రీటులో గుచ్చుకుని కారు కింద అలాగే ఉండిపోయాను.

ఎలుక వెలుగులోకి వచ్చి, ఆవిడ కాళ్ళముందునుంచి అడ్డంగా దాటి, అవతలి కలుగులోకి వెళ్ళింది. ఆవిడ ఒక్కక్షణం ఆగి కొడుకు మొహంలోకి చూసింది. ఎలుక ఎదురొస్తే శకునమేమిటో ఇద్దరికీ తెలిసినట్టు లేదు. కారెక్కింది.