ఎదురుపడటమే కరువైన చోట

నన్ను సెరాటియాస్ హోల్బోలి అంటారు. గ్రీన్‌లాండ్ దగ్గర దొరికిన నా జాతి చేపకు 1845లో డెన్మార్క్ శాస్త్రవేత్త క్రోయర్ పెట్టిన పేరది. నెత్తిమీద గాలం ఉంటుంది కాబట్టి మా వంశాన్నంతా యాంగ్లర్ చేపలంటారు. నా గురించి రాసేవాళ్లకు వింత, వికారం, భయంకరం అన్న మాటలు తప్ప దొరకవు. మీటరు దాటి పెరిగే ఆడచేప, దాని పొట్టకు అతుక్కుపోయిన చిన్న మగచేప. చూడ్డానికి వింతే, కాదనను. కానీ నా బతుకులో వింతలు పది లేవు. ఉన్నదల్లా ఒక్క కరువు, దాన్ని తట్టుకోవడానికి నా ఒళ్లు వెతుక్కున్న దారులు. అది వెలుతురు కరువు కాదు, నిజానికి తిండి కరువూ కాదు. ఇంకో ప్రాణి ఎదురుపడటమే ఇక్కడ కరువు.

ముందు గాలం సంగతి. వెయ్యి మీటర్ల కింద ఎండ పొడ కూడా తగలదు. అంత చీకట్లో వేట కోసం ఈదుతూ తిరిగితే అయ్యే ఖర్చు, దొరికే తిండితో పూడదు. అందుకే నేను కదలను, ఎరను కదిలిస్తాను. గాలపు కర్రను మోసే ఎముక నా నెత్తిమీద గాడిలో ముందుకూ వెనక్కూ జరుగుతుంది. బాగా వెనక్కి లాగితే దాని వెనక కొస వీపుమీద పొడుచుకొస్తుంది, ఎర నోటి దగ్గరికొస్తుంది. ఎర కొసన బుడిపెలో వెలిగే దీపం నాది కాదు, అందులో కాపురముండే బాక్టీరియాది. మా వంశపు చేపల్లో ఆ బాక్టీరియాను పరిశీలించి 2018లో తేల్చిందేమిటంటే, దాని జన్యుపదార్థంలో సగం దాకా పోయింది. అంతగా మామీద ఆధారపడ్డదాన్ని తల్లి పిల్లకు అప్పగిస్తుందనుకుంటాం. ఆ తర్వాతి పరిశోధనలో తేలింది వేరు: తరతరానికీ దాన్ని సముద్రపు నీటిలోంచే తెచ్చుకోవాలి. దీపం వెలగడానికి కూడా ఒకరికొకరు ఎదురుపడాల్సిందే. ఇక నోరూ కడుపూ అంటారా, పుష్కరానికోసారి వచ్చే చుట్టాన్ని గుమ్మంలోంచి పంపెయ్యలేం కదా. తమకంటే పొడవైన చేపను మింగినవాళ్లు మా వంశంలో ఉన్నారు.

మగచేప సంగతి మీకు ఆలస్యంగా తెలిసింది. 1922లో ఐస్‌లాండ్ శాస్త్రవేత్త సైముండ్‌సన్ నాలాంటి ఆడచేప పొట్టకు రెండు బుల్లి చేపలు అంటుకుని ఉండటం చూసి, పిల్లలనుకున్నాడు. 1925లో లండన్ బ్రిటిష్ మ్యూజియంలో టేట్ రీగన్ అలాంటి ఒకదాన్ని కోసి చూస్తే అది మగచేప. అప్పటిదాకా మా మగవాళ్లకు వేరే కుటుంబం పేరు పెట్టి విడిగా లెక్కేశారు కూడా. మా ఇంటి మగచేప సెంటీమీటరు ప్రాణి. ముక్కు నామమాత్రం, కళ్లు మాత్రం గిన్నెలంత. మూతి కొసన పట్టకారులాంటి పళ్లుంటాయి, తినడానికి మాత్రం పనికిరావు. పెద్దయ్యాక తిండే లేదు. దొరికిన ఆడచేపను కరిచి పట్టుకుంటాడు, చర్మం చర్మంతో కలుస్తుంది, రక్తనాళాలు ఏకమవుతాయి. కళ్లు కుంగిపోతాయి, వృషణాలు పెరుగుతాయి.

దీన్ని పరాన్నజీవనం అంటారు. నాకు ఒప్పుదల కాదు. పరాన్నజీవి పెట్టినవాడికి నష్టం చేస్తుంది. నేను ఇచ్చేది కాస్త రక్తం, దక్కేది గుడ్లు పెట్టిన రోజున మళ్లీ వెతుక్కోనక్కర్లేని తోడు. అయితే ఇంతకంటే గట్టి ఆక్షేపణ ఒకటుంది: అదే చీకట్లో బతికే మిగతా చేపలు ఇలా అతుక్కోవేం? సైక్లోథోన్ అనే చిన్న చేపను చూడండి. వెన్నెముక ఉన్న జీవుల్లో దానంత సంఖ్యలో మరొకటి లేదంటారు. అన్ని కోట్లమంది ఉన్న చోట ఎదురుపడటం కరువెందుకవుతుంది? మరి మా వంశంలోనే మెలానోసీటస్ మగచేప కొంతకాలం అంటుకుని విడిపోతాడు కదా అంటే, నిజమే. కరువు అందర్నీ ఒకే గమ్యానికి చేర్చదు. కానీ ఈ చీకటి లోతుల్లో ఈదే మావాళ్లెవరిలో చూసినా మగచేప మరుగుజ్జే, ఆడది దిట్టమే. దిశ ఒకటే, ఎంత దూరం వెళ్లారన్నదే తేడా.

అంత దూరం వెళ్లినందుకు మూల్యం కట్టాం. పరాయి కండను ఒళ్లు తిప్పికొట్టకుండా ఉండాలంటే కాపలా సడలించాలి. 2020లో జర్మనీలోని ఫ్రైబర్గ్ మాక్స్ ప్లాంక్ సంస్థ శాస్త్రవేత్తల బృందం చూపించినట్టు, శాశ్వతంగా అతుక్కునే జాతుల్లో ప్రతిరక్షకాలకు కీలకమైన జన్యువులు దెబ్బతిన్నాయి, కొన్ని మాయమయ్యాయి. మిమ్మల్ని రోగాల నుంచి కాచే ఏర్పాటునే వదులుకున్నామంటే, కలిసిన తోడును పోగొట్టుకోవడం రోగం కంటే పెద్ద నష్టమని లెక్క తేలినట్టే. ఎదురుపడటం అంత అరుదా అని ఇంకా అనుమానమైతే మీ రికార్డులే చూసుకోండి. రీగన్ 1925లో చెప్పిన ఈ జంటను ప్రాణాలతో కెమెరాలో పట్టింది 2016లో, అజోర్స్ దీవుల దగ్గర 800 మీటర్ల లోతున. అదీ నా జాతి కాదు, కాలోఫ్రైన్ అనే దూరపు బంధువు.