చిల్లు కవరు చేరింది, చిత్తగించవలెను

మహారాజశ్రీ మా పేట పోస్టుమాస్టరు గారి దివ్యసముఖానికి,

న్యూజెర్సీలో తమ కౌంటరు ముందు వరసలో నిలబడే తెలుగువాడొకడు నమస్కరించి చేసుకునే విన్నపాలు. ఇక్కడ మేమంతా క్షేమం. తమరూ, తమ సిబ్బందీ, ముఖ్యంగా ఉత్తరాలు వేరుచేసే తమ యంత్రమూ క్షేమమని తలుస్తాను. యంత్రం ఆరోగ్యం ప్రత్యేకించి ఎందుకు అడుగుతున్నానంటే, ఈమధ్యే అది నా కాసినో చిప్ ఒకటి మింగింది. అరిగిందో లేదో కనుక్కుందామని.

తమరి చేతుల మీదుగా రోజూ ఎన్నో ఉత్తరాలు పోతుంటాయి, నాది గుర్తుండకపోవచ్చు. గుర్తుచేస్తాను. తెల్ల కవరు. లోపల అట్టముక్క, అట్టలో గుండ్రంగా కోసిన గూడు, గూట్లో అట్లాంటిక్ సిటీ గోల్డెన్ నగ్గెట్ కాసినో వారి అయిదు డాలర్ల ఎర్ర చిప్, అంటే జూదం బల్ల మీద డబ్బుకు బదులు పెట్టే బిళ్ళ. పైన ఒహాయోలో నాలాగే చిప్‌లు సేకరించే ఒక పెద్దాయన చిరునామా. ఆ పెద్దాయనకు కవరు చేరింది. ఒక మూల చిరిగి, తమ శాఖవారి ప్లాస్టిక్ సంచీలో కూర్చుని, జరిగినదానికి చింతిస్తున్నామని అచ్చేసిన నాలుగు మాటలతో సహా చేరింది. అట్టముక్క చేరింది. అట్టలో గూడు చేరింది. "మీరు అడిగిన చిప్ ఇందులో ఉంది, జాగ్రత్తగా తీయగలరు" అని నేను రాసిన చీటీ కూడా నలగకుండా చేరింది. ఆయన జాగ్రత్తగానే తీశాడట, పాపం.

చూడండి, మర్యాదగానే రాద్దామని కూర్చున్నాను. కానీ ఒక్క మాట చెప్పండి. ఆ కవరు మీద ఎర్ర సిరాతో, పెద్ద అక్షరాలతో, యంత్రంలో వేయవద్దు, చేత్తో ముద్ర వేయండి అని రాశానా లేదా? రాయడమే కాదు, తమ కౌంటరులో ఉన్నావిడ చేతికే ఇచ్చాను. ఆవిడ కవరును రెండు వేళ్ళతో వంచబోయి, వంగలేదని చూసి, అదనపు చార్జీ అడిగింది. కట్టాను. ఆ చార్జీ ఎందుకో తమరి నిబంధనల్లోనే ఉంది: వంగని ఉత్తరాలు, లోపల నాణేలో తాళంచెవులో ఉండి ఎగుడుదిగుడుగా ఉన్న ఉత్తరాలు యంత్రంలో పోవు కాబట్టి, వాటిని మనుషులు చేత్తో చూసుకుంటారు, ఆ కష్టానికి ఇంత. చాలా న్యాయమైన మాట. అందుకే కిక్కురుమనకుండా కట్టాను. యంత్రంలో వేయకుండా ఉండడానికని నా దగ్గర డబ్బు తీసుకున్నారు. తీసుకుని, యంత్రంలో వేశారు.

నేను అసలు చెప్పదలుచుకున్నది ఇంతే. మిగతాదంతా కడుపుమంట, అయినా చదవండి.

మందం ఎక్కువైందని అంటారేమో. తమరి కొలబద్ద ప్రకారం ఉత్తరం పావు అంగుళం దాటకూడదు. అంటే ఆరు మిల్లీమీటర్లకు కాస్త పైన. కాసినో చిప్ అడ్డంగా 39 మిల్లీమీటర్లు, మందం మూడు మిల్లీమీటర్ల పైచిలుకు, బరువు పది గ్రాముల లోపో అటూఇటూగానో. రెండు పక్కలా పల్చటి అట్ట అంటించినా తమరి పావు అంగుళానికి లోబడే ఉంటుంది. ఈ లెక్కలన్నీ చిప్‌లు సేకరించే ప్రతివాడికీ కంఠస్థం. అల్పాహారం డబ్బాలు మేం పారేయం. అట్టకు పనికొస్తాయని. గూడు కోయడానికి మా ఇంట్లో వేరే కత్తి ఉంది, దాన్ని కూరగాయలకు వాడితే నేను ఊరుకోను. చిప్ జారకుండా టేపు వేస్తాం, అదీ చిప్ ముఖానికి తగలకుండా. ఆ టేపు జిగురు చిప్ మీద బొమ్మకు అంటుకుంటే అవతలివాడు ఇంకెప్పుడూ మారకానికి రాడు. మా ఆవిడ హైదరాబాదు నుంచి తెచ్చుకున్న ఆవకాయ జాడీకి కూడా ఇంత కట్టుదిట్టం చేసుకోలేదు. అయినా ఆవకాయ సముద్రాలు దాటి వచ్చింది. నా చిప్ పక్క రాష్ట్రం దాటి ఆ పై రాష్ట్రానికి పోలేకపోయింది.

కౌంటరులో ఆవిడ నాకొక సలహా కూడా ఇచ్చింది, అది వినండి. "గోల్డెన్ నగ్గెట్ ఇంకా అట్లాంటిక్ సిటీలోనే ఉందిగా, ఇంకోటి తెచ్చుకోండి" అని. అమ్మా తల్లీ! ఇప్పుడు అక్కడ మెరీనా దగ్గరున్న గోల్డెన్ నగ్గెట్ వేరు. అది 1985లో ట్రంప్ క్యాజిల్‌గా మొదలై, పేర్లు మారి మారి 2011లో గోల్డెన్ నగ్గెట్ అయింది. నా చిప్ మొదటి గోల్డెన్ నగ్గెట్‌ది. కాసినోల యజమాని స్టీవ్ విన్ 1980లో తెరిచి, గాయకుడు ఫ్రాంక్ సినాట్రాను తెచ్చి టీవీ ప్రకటనల్లో పక్కన నిలబెట్టుకుని, 1987లో బాలీ కంపెనీకి అమ్మేసిన కాసినోది. ఆ తర్వాత అదే భవనం బాలీస్ గ్రాండ్ అయింది, గ్రాండ్ అయింది, హిల్టన్ అయింది, చివరికి అట్లాంటిక్ క్లబ్ అయి 2014 జనవరిలో మూతపడింది. ఆ ఒక్క ఏడాదే ఆ ఊళ్ళో నాలుగు కాసినోలు మూతపడ్డాయి. పేరు మారినప్పుడల్లా చిప్‌లు మారాయి. అందుకే ఆ భవనం కథంతా చిప్‌లు వరసగా పేర్చి చెప్పొచ్చు. నా వరసలో ఆ ఎర్ర చిప్‌లు రెండుండేవి కాబట్టి ఒకటి మారకానికి పెట్టాను. ఇప్పుడు ఒకటే ఉంది. అది నేనివ్వను. కాబట్టి ఆవిడ చెప్పినట్టు ఇంకోటి తేవాలంటే కాసినోకి పోతే చాలదు, ఆ రోజుల్లోకి పోవాలి.

ఇక పరువు సంగతి. మారకం అంటే తమరు ఏదో బేరం అనుకుంటారు. ఇందులో డబ్బు ఉండదండీ. నా దగ్గర రెండున్న చిప్ నీ దగ్గర లేదు, నీ దగ్గర రెండున్నది నా దగ్గర లేదు, అంతే. రసీదు ఉండదు, సాక్షి ఉండడు. మొహం చూడని మనుషులు ఒకరినొకరు నమ్మి ఒకే రోజు ఎవరి కవరు వాళ్ళు డబ్బాలో వేస్తారు. కొత్తవాడైతే ముందు వాడే పంపాలి, అది మర్యాద. ఒహాయో పెద్దాయన ఈ పనిలో పండిపోయిన మనిషి. అయినా "కలిసి పంపుదాం లెండి" అన్నాడు. ఆయన పంపింది లాస్ వేగాస్ ల్యాండ్‌మార్క్ కాసినో చిప్. 1969లో కోటీశ్వరుడు హోవార్డ్ హ్యూస్ తెరిచిన 31 అంతస్తుల కట్టడం అది. 1990లో మూశారు, 1995 నవంబరులో పేల్చి కూల్చారు, ఆ కూలడాన్ని 'మార్స్ అటాక్స్' అనే సినిమాలో వాడుకున్నారు కూడా. ఆ కట్టడం తాలూకు చిప్ నాకు నిక్షేపంలా అందింది! అలాంటి కవరులోనే, అలాంటి అట్టలోనే, తమరి కార్యాలయం మీదుగానే! అంటే తమరికి చేతకాదని కాదు. చేతనైన రోజు ఆయనకు అంటగట్టి, చేతకాని రోజు నాకు పెట్టారు.

ఇప్పుడు ఆయన చిప్ నా డ్రాయరులో ఉంది. నా చిల్లు ఆయన దగ్గర ఉంది. పోనీ ఆయన నన్ను తిట్టినా బాగుండేది. "ఫరవాలేదు, ఇలాంటివి జరుగుతుంటాయి" అని రాశాడు. ఆ ఒక్క వాక్యం ఎన్ని రకాలుగా చదవొచ్చో తమరికి తెలియదు. నాకు తెలుసు, రాత్రుళ్ళు అన్ని రకాలుగానూ చదువుతున్నాను. ఖాళీ కవరు పంపి యంత్రం మీద నెట్టేవాళ్ళు ఈ లోకంలో లేకపోలేదు. వాళ్ళలో నేనొకడినని ఆయన అనుకోడని నమ్మకం ఏమిటి?

నష్టపరిహారం అడగమన్నారు. అడిగాను. మామూలు ఉత్తరానికి బీమా ఉండదన్నారు. సరే, వస్తువు విలువ ఎంతో చెప్పండి, ఫారంలో గడి నింపాలన్నారు. ఏం నింపను? చిప్ మీద అయిదు డాలర్లని ఉంది. మూతపడ్డ కాసినోది కాబట్టి ఆ అయిదూ ఇచ్చే నాథుడు లేడు. సేకరించేవాళ్ళకు దాని వెల వేరు, అది కూడా ఎవరికి ఏది కావాలన్న దాన్నిబట్టి. నెవాడాలోనైతే ఇంకా వేడుక. అక్కడి గేమింగ్ కమిషన్ 12వ నిబంధన ప్రకారం చిప్ ఎవరి చేతిలో ఉన్నా అది కాసినో సొత్తే, పట్టుకున్నవాడికి మిగిలేది కాసినో పడ్డ బాకీకి గుర్తు మాత్రమే. కాసినో మూసేస్తే కనీసం 120 రోజులు గడువిచ్చి చిప్‌లకు డబ్బు కట్టాలి, గడువు దాటాక మిగిలినవి మాలాంటివాళ్ళ డబ్బాల్లో ఉండిపోతాయి. లాస్ వేగాస్ ట్రాపికానా కాసినోను 2024 ఏప్రిల్ 2న మూసి అక్టోబరు 9న పేల్చేశారు. అక్కడ ఒక్క చిప్ జేబులో వేసుకుని బయటికొచ్చినవాడు దేన్ని దాచుకున్నాడో ఏ ఫారం గడిలో పడుతుంది? నేను గడి ఖాళీగా వదిలేశాను. ఖాళీ ఉందని ఫారం తిప్పి పంపారు. అది మాత్రం చిరగకుండా వచ్చింది.

"పార్సెల్‌గా పంపితే ఈ గొడవ ఉండేది కాదుగా" అని కూడా సెలవిచ్చారు. పార్సెల్ రేటెంతో తమరికి తెలియదా? ఒక్క డాలరు చిప్‌లు మార్చుకునేవాళ్ళం మేము. వస్తువుకన్నా దాని బండి ఖర్చు ఎక్కువైతే మారకం ఎందుకు, మానుకోవడమే. ఆ మాటకొస్తే స్టాంపు మాత్రం ఊరుకుందా? 68 సెంట్లున్నది 2024 జూలైలో 73 అయింది, 2025 జూలైలో 78 అయింది. ధర పెరిగిందని ఏడవడం లేదు. పెరిగిన ధరకు చిరిగిన కవరు ఇస్తున్నందుకు ఏడుస్తున్నాను.

ఇంకొకటి. కౌంటరులో అడిగే ప్రశ్న. ద్రవాలున్నాయా, పగిలేవున్నాయా, చెడిపోయేవున్నాయా, ప్రమాదకరమైనవా? లేవు, లేవు, లేవు, లేవు. అక్కడితో ఆగొచ్చుగా? "మరి ఏముంది?" అని గట్టిగా. "కాసినో చిప్" అన్నాను. వెనక వరసలో గుడికి వచ్చే మన తెలుగావిడే ఉంది. తర్వాతి శనివారం గుళ్ళో తీర్థం పుచ్చుకుంటుంటే పెద్దలొకరు నా భుజం మీద చెయ్యి వేసి, "అబ్బాయ్, ధర్మరాజంతటివాడికే తప్పలేదు, కానీ పిల్లలున్నవాడివి" అన్నారు. అయ్యా, నేను జీవితంలో పేకముక్క పట్టి ఎరగను! చిప్ టేబుల్ మీద పెట్టేవాడికి అది పోతుందేమోనని భయం. మాకు టేబుల్ భయం లేదు. తమరి యంత్రం భయం ఉంది. జూదం అంటే ఏదైనా ఉంటే, కవరు తమరి చేతిలో పెట్టడమే.

విదేశాల సంగతి ఎత్తకూడదనుకున్నాను, ఎత్తుతాను. గోవాలో మాండవి నది మీద పడవల్లో కాసినోలున్నాయి, మన హైదరాబాదువాళ్ళకు కొత్తేం కాదు. అక్కడి చిప్‌లు నాలుగు నాకోసం దాచిన స్నేహితుడొకడు హైదరాబాదులో ఉన్నాడు. అమెరికా ప్రభుత్వం 800 డాలర్ల లోపు సరుకుకు ఉన్న సుంకం మినహాయింపును 2025 ఆగస్టు 29 నుంచి తీసేసింది. దానికి నాలుగు రోజుల ముందే, 25 నుంచి, భారత తపాలా శాఖ అమెరికాకు చాలా రకాల పార్సెళ్ళు తీసుకోవడం కొన్నాళ్ళు ఆపేసింది. ఆ రోజుల్లో వాడు ఫోన్ చేసి, "ఒరేయ్, ఇది సరుకా, బహుమతా, బాకీనా? ఏమని రాయను?" అని అడిగాడు. నేనేం చెప్పను, ఇక్కడ నాకే గడి నింపడం రావడం లేదు. ఇందులో తమరి తప్పేమీ లేదని తెలుసు. కోపం వచ్చినప్పుడు ఎదురుగా ఉన్నవాళ్ళనే కదా అనేది.

కోపం సరే. ఇప్పుడు నిజంగా బతిమాలుకుంటున్నాను.

కవర్లు చిరిగి జారిపోయిన వస్తువులు ఎక్కడివక్కడ మాయం కావని నాకు తెలుసు. యంత్రం కిందా, ట్రేల అడుగునా తాళంచెవులూ, నాణేలూ, ఉంగరాలూ పోగవుతాయి. సొంతదారు తెలియనివాటిని అట్లాంటాలో దేశం మొత్తానికి కలిపి ఉన్న కేంద్రానికి పంపుతారు, అక్కడ అమ్ముడుపోయేవి వేలం వేస్తారు. నా భయం వేలం గురించి కాదు. వేలం దాకా రానివ్వరేమోనని. చూసినవాళ్ళకు అది అయిదు డాలర్లని రాసున్న ఎర్ర బిళ్ళ, అంతే. ఎవరి పిల్లలో ఆడుకునేదనుకుని చెత్తబుట్టలో వేస్తారు. దయచేసి వేయనివ్వకండి. రాత్రి డ్యూటీలో యంత్రం దగ్గర ఉండే కుర్రాడికి ఒక్క మాట చెప్పండి. ఎర్ర రంగు, మధ్యలో గోల్డెన్ నగ్గెట్ పేరు. కొద్దిగా గీతలు పడినా ఫరవాలేదు, అంచు చితికినా ఫరవాలేదు, ఆ పెద్దాయనకు నేను ఖాళీ కవరు పంపలేదని చూపించడానికి అదొక్కటి చాలు. ఫారం వద్దు, పరిహారం వద్దు, అదనపు చార్జీ కూడా తిరిగి ఇవ్వనక్కర్లేదు.

ఒకవేళ దొరికితే మాత్రం ఒక్క మనవి. నాకు ఫోన్ చేయించండి, పనులన్నీ మానుకుని నేనే వచ్చి తీసుకుంటాను. దాన్ని పోస్టులో మాత్రం పంపకండి.

ఇట్లు,
తమ విధేయుడు,
అదనపు చార్జీ కట్టినవాడు