ఫ్రేము తప్పదు, పేరే తప్పుతుంది

టీవీ న్యూస్‌రూముల్లో కొత్త గొప్ప ఒకటి బయల్దేరింది. ‘మా దగ్గర గ్రాఫిక్స్ ఎవరూ వెయ్యరండీ, వాటంతటవే పడతాయి!’ వెనకటికి కంట్రోల్ రూములో (పీసీఆర్) ప్యానెల్ ప్రొడ్యూసర్ ‘ప్లేట్ వెయ్యి’ అని అరిస్తే, గ్రాఫిక్స్ కుర్రాడు మీట నొక్కి తెర కింద పేరు వేసేవాడు. అరుపుకీ మీటకీ మధ్య అరక్షణం ఆలస్యం. ఆ అరక్షణాన్ని చంపడానికి కంప్యూటర్ స్క్రిప్టు వచ్చింది. క్లిప్పు మొదలైన నాలుగో సెకను పన్నెండో ఫ్రేముకు పేరు లోపలికి, తొమ్మిదో సెకనుకు బయటికి. మన దేశంలో టీవీ తెరకు సెకనుకు 25 ఫ్రేములు. ఒక్కో ఫ్రేము 40 మిల్లీసెకన్లు. అంత సన్నని సందులోనూ స్క్రిప్టు తడబడదు. స్వీడన్ ప్రజా ప్రసార సంస్థ ఎస్‌వీటీ 2006 నుంచి తన తెరకు వాడుకున్న కాస్పర్‌సీజీ అనే గ్రాఫిక్స్ సాఫ్ట్‌వేర్ ఇప్పుడు ఎవరికైనా ఉచితంగా దొరుకుతుంది. ఖరీదైన సరంజామా కొనలేని ఊరి కేబుల్ ఛానల్‌కు కూడా ఈ వైభోగం అందుబాటులోకి వచ్చినట్టే.

అనుభవించనీ, ఎవరు కాదన్నారు? చిక్కల్లా ఒక్కటే. క్లిప్పు ఎప్పుడు మొదలైందో స్క్రిప్టుకు తెలుసు. అందులో ఎవరున్నారో తెలియదు.

తమిళనాడులోని కృష్ణగిరి మామిడి మీద తొంభై సెకన్ల కథనం ఒకటి తయారైందనుకుందాం. ముందు మండీలో లారీల వరస, తర్వాత వేపనపల్లి రైతు కెమెరా ముందు చెప్పే బైట్, ఆ తర్వాత కలెక్టర్ బైట్. పేర్ల ప్లేట్లన్నిటికీ సమయాలు కట్టి స్క్రిప్టు సిద్ధం చేశారు. బులెటిన్‌కు రెండు నిమిషాల ముందు లారీలు మరీ ఎక్కువయ్యాయని ఎడిటర్ ఆరు సెకన్లు కోసేశాడు. మంచి పనే చేశాడు. కానీ ఆ 150 ఫ్రేములు పోయిన కబురు స్క్రిప్టుకు చెప్పినవాడు లేడు. రైతు తన బైట్ ముగించి తప్పుకునే వేళకు ప్లేట్ పడుతుంది. తుండుగుడ్డ రైతు పోయి కలెక్టర్ తెరకెక్కారు, కింద మాత్రం ‘మామిడి రైతు, వేపనపల్లి’ అని నిలబడి ఉంది. భూసంస్కరణలు కూడా ఈ దేశంలో ఇంత చురుగ్గా జరగలేదు.

ఇక ధర సంగతి. 2025లో తోతాపురి మామిడి ధర కుప్పకూలితే ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం కిలోకు 12 రూపాయలు దక్కేలా ఏర్పాటు చేసింది. అందులో 8 రూపాయలు ఫ్యాక్టరీలవి, 4 రూపాయలు సర్కారువి. ఆ ఏడాదే బయటి కాయ చిత్తూరు జిల్లాలోకి రాకుండా ఆంక్ష పెడితే, కర్ణాటక ముఖ్యమంత్రి సిద్ధరామయ్య చంద్రబాబుకు లేఖ రాశారు. అంటే ఆ సీజన్లో మామిడికాయకు కూడా రాష్ట్రం ఉంది. కుప్పం దాటి తమిళనాడులో వేపనపల్లి వైపు దిగితే చెట్టు అదే, కాయ అదే, గుజ్జు ఫ్యాక్టరీ వాసనా అదే. ఆ నాలుగు రూపాయలు మాత్రం అప్పుడు లేవు. ‘తోతాపురి’ అనే మాట కనబడగానే ‘కిలో 12’ ప్లేట్‌ను ఎత్తి తెర మీద పరిచే స్క్రిప్టుకు ఈ సరిహద్దు ఎవరు చూపించాలి? కృష్ణగిరి రైతు టీవీలో తనకు వచ్చిన మద్దతు ధర చూసి మురిసిపోవాలి, అంతే.

హోసూరు అంటేనే ఇలాంటి యంత్రాలకు తలనొప్పి. తమిళనాడులో ఉంటుంది, ఇంట్లో తెలుగు మాట్లాడుతుంది, పనికి బెంగళూరు పోతుంది. 2024 జూన్‌లో కృష్ణగిరి ఎంపీ కె. గోపీనాథ్ లోక్‌సభలో తెలుగులో ప్రమాణం చేసి, తమిళనాడుకు జై కొట్టి దిగారు. అక్కడివాళ్లకు అందులో వింతేమీ లేదు. రాష్ట్రం గడి నింపగానే భాష గడి దానంతటదే నిండేలా టెంప్లేట్ కట్టిన మహానుభావుడికి మాత్రం అది సాంకేతిక లోపం! అక్కడి ఊళ్ల పేర్లు ఇంగ్లిషు వార్తాసంస్థ కాపీ నుంచి యంత్రం తిరగేస్తే డెంకణీకోట కాస్తా ‘డెంకనికొట్టై’ అవుతుంది. ఊరివాళ్లే అదెక్కడుందో వెతుక్కోవాలి.

‘మనుషులు మాత్రం తప్పులు చెయ్యరా?’ అని ఆటోమేషన్ భక్తులు ఎదురడుగుతారు. చేస్తారు, భేషుగ్గా చేస్తారు. 2022 మేలో బీబీసీ న్యూస్ తెర కింద మాంచెస్టర్ యునైటెడ్ చెత్త జట్టని టిక్కర్ పరుగెత్తింది. అప్పుడే టిక్కర్ నడపడం నేర్చుకుంటున్న వ్యక్తి సరదాగా కొట్టి చూసుకున్న వాక్యం అది. కాసేపటికే యాంకర్ క్షమాపణ చెప్పింది. తప్పు చేసినవాడొకడు గదిలో ఉన్నాడు కాబట్టి సారీ కూడా త్వరగానే దొరికింది.

సమయం మీద ఇంత మోజు ఉన్నవాళ్లు 2013 జూలైలో అమెరికాలోని కేటీవీయూ స్టేషన్ చేసిన నిర్వాకం చూడాలి. శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియానా విమానం కూలిన కొద్ది రోజులకు, పైలట్లవంటూ నాలుగు పేర్లు ప్లేట్ కట్టి చూపించారు. యాంకర్ చదువుతోంది, పేర్లు తెర మీదే ఉన్నాయి, పొందిక అమోఘం. నాలుగూ బూటకపు పేర్లే. ఆసియావాళ్ల పేర్లను వెక్కిరిస్తూ ఎవరో అల్లిన కుళ్లు జోకు. పైగా విమాన ప్రమాదాలను విచారించే ప్రభుత్వ సంస్థలో ఒక ఇంటర్న్ ఆ పేర్లు నిజమేనని ఫోన్లో చెప్పాడు కూడా. పురోహితుడు ముహూర్తం క్షణం తప్పకుండా తాళి కట్టించాడు, పక్కింటి పెళ్లికొడుకు చేత.

ఇంత హంగామాలోనూ స్క్రిప్టు నిజంగా తప్పు లేకుండా వెయ్యగల ప్లేట్ ఒకటుంది: ఈ దృశ్యం ఏ రోజు తీసింది అని. గడియారం సరిగ్గా ఉన్న కెమెరా ఆ తేదీని ఫైలులోనే రాసి పెడుతుంది. వాట్సాప్‌లో చేతులు మారి వచ్చిన క్లిప్పుకు అది ఊడిపోతుంది, నిజమే. సొంత కెమెరా నుంచి ఆర్కైవ్‌లోకి చేరిన ఫైలుకు మాత్రం పదిలంగా ఉంటుంది. తేదీ తీసుకో, మూలన వెయ్యి. క్లిప్పును ఎన్ని ముక్కలు కోసినా, అన్ని ముక్కలకూ ఒకటే తేదీ కాబట్టి టైమింగ్ బాధ కూడా లేదు. కానీ ఆ ఒక్క స్క్రిప్టు రాయడానికి ఎవరికీ తీరిక దొరకదు.

ఎందుకు దొరుకుతుంది? 2024 డిసెంబరు మొదట్లో ఫెంగల్ తుపాను కృష్ణగిరి జిల్లా ఊత్తంగరైలో ఒక్క రోజులో 50 సెంటీమీటర్ల వాన కురిపించింది. నిలిపి ఉన్న వ్యాన్లు, కార్లు వరదలో కొట్టుకుపోయాయి. అలాంటి క్లిప్పుకు అది తీసిన తేదీయే చావు. తేదీ లేకపోతే ప్రతి వానాకాలం కొత్తగా పుడుతుంది. హోసూరు పక్కన కెలవరపల్లి జలాశయం సంగతీ అంతే. బెంగళూరు మురుగు, ఫ్యాక్టరీ వ్యర్థాలు మోసుకుని దక్షిణ పినాకిని నది అక్కడ తెల్లగా నురగలు కక్కడం ఏళ్ల తరబడి జరుగుతున్నదే. ఎర్రటి పట్టీలో ‘బ్రేకింగ్’ పైన, నురగ కింద. మూలన ఒక పాత సంవత్సరం కనిపిస్తే చూసేవాడు రెండు ప్రశ్నలు వేస్తాడు. ఇది ఇవాళ్టిది కాదా అన్నది మొదటిది. ఇన్నేళ్లుగా ఇలాగే ఉంటే ఎవరేం చేస్తున్నారన్నది రెండోది. మొదటి ప్రశ్నకు ఛానల్ దగ్గర జవాబు లేదు. రెండోదానికి జవాబు కావాలంటే రిపోర్టర్ని బెంగళూరు దాకా పంపించాలి, బండికి పెట్రోలు పొయ్యాలి. గ్రాఫిక్స్ బడ్జెట్‌లో ఆ పద్దు లేదు.